పేరు రాయని చీటీ

గంజాయి నివారణ కమిటీకి నన్ను పెద్దను చేసిన ఏడాది, మా కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ బయట ఒక డబ్బా పెట్టించాను. శంషాబాద్ దాటాక ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ మాది. "సాయం కావాలంటే చీటీ వేయండి. పేరు రాయొద్దు. ఎవరని మేం అడగం" అని మీటింగులో మైకు పట్టుకుని నేనే చెప్పాను. పిల్లలు చప్పట్లు కొడితే పొంగిపోయాను కూడా.

నెల తిరక్కుండానే ఒక చీటీ పడింది. 'గంజాయి మానేద్దామంటే అయితలేదు. ఎవరన్నా డాక్టర్ నంబర్ ఈ డబ్బా మీద అతికించండి. చూసి రాసుకుంటా.' అంతే.

పేరు లేదు. కానీ ఇరవై ఏళ్లుగా ల్యాబ్ రికార్డులు దిద్దుతున్నదాన్ని. ఆ చీటీలోలా ప్రతి వాక్యం కింద స్కేలు పెట్టి ఆకుపచ్చ గీత కొట్టేది నా క్లాసులో ఒక్కతే, మొదటి ఏడాది అమ్మాయి. కట్టలోంచి ఆమె రికార్డు లాగి పక్కన పెట్టి చూశాను. దొరికిందనుకున్నాను, దొంగను పట్టినట్టు! ఛీ, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

నంబరు అతికించి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటానా? ఆఫీసుకెళ్లి వాళ్ల నాన్న నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. ఆడపిల్ల సంగతి, దాచిపెడితే రేపు మాట నా మీదికొస్తుందని భయం. దానికి బాధ్యత అని పేరు పెట్టుకున్నాను.

గంటలో వచ్చాడు. అరుస్తాడేమోనని తలుపు దగ్గరగా వేశాను. అరవలేదు.

"ఇగ సాలు మేడం. సదువు బంద్. ఇంట్లనే ఉంటది."

"అలా అనకండన్నా, డాక్టర్‌కు చూపిస్తే తగ్గిపోతుంది."

"దవాఖానల ఎవలన్న జూస్తె? ఊర్ల మొఖం ఎట్ల జూపియ్యాలె?"

నేను ఎంత బతిమాలినా వినలేదు. హాస్టల్ ఖాళీ చేయించాడు. ఆ అమ్మాయి బ్యాగు కార్లో పెట్టి నా దగ్గరికొచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"నేను డాక్టర్ నంబరే గద మేడం అడిగింది? బాపుకు చెప్పుకునేటట్టుంటె మీకెందుకు రాస్త?"

తప్పయిపోయిందమ్మా అన్నాను. హ్యాండ్‌బ్యాగు వెతికి, డాక్టర్ నంబరు రాసిన కాగితం తీసి చేతిలో పెట్టబోయాను. "ఒక్కసారి ఫోన్ చెయ్యి తల్లీ, నేను చెప్పి పెడతాను" అన్నాను.

ఆమె చెయ్యి చాపలేదు.

"ఫోన్ బాపు గుంజుకున్నడు మేడం," అంది.