ట్రౌడెల్ లాగిన బండి

జర్మనీలోని కాల్టెన్‌బ్రూక్ పట్టణానికి ఏడు వందల యాభై ఏళ్ళు నిండాయని ఆ జూన్‌లో పెద్ద ఊరేగింపు తలపెట్టారు. ఊరికి వయసు పెరిగేకొద్దీ మనుషులు తగ్గిపోయారు. బడిలో రెండు తరగతులను ఒకటి చేశారు, రైలు ఆగడం మానేసింది, మాంసం కొట్టు వారంలో సగం రోజులు మూసే ఉంటోంది. అయినా పండగ మాత్రం ఘనంగా జరగాలట. ఉన్న గుప్పెడు మందే ఏడు శతాబ్దాల జనంగా వేషాలు కట్టాలి కాబట్టి కొందరికి రెండేసి వేషాలు పడ్డాయి.

ట్రౌడెల్ బ్రేడె ఒక్క వేషమే కోరుకుంది. పూర్వం ఆ ఊరి ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకు వేసుకునే నల్ల కుచ్చుల గౌను, ఎర్ర టోపీ ధరించి ఊరి ఆడవాళ్ళ జట్టులో నడవాలని. గౌను అత్తగారిది. బతికున్నన్నాళ్ళూ ఆవిడ దాన్ని ముట్టుకోనివ్వలేదు. పోయేముందు మాత్రం, "తీసుకో, ఇంకెవరున్నారు గనక" అంది. ఆ మాటలో ప్రేమ ఎంతో విసుగు ఎంతో ట్రౌడెల్ లెక్కవేసుకోలేదు. చలికాలమంతా కూర్చుని నడుము దగ్గర కుట్లు విప్పి తన ఒంటికి సరిచేసుకుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, పదేళ్ళ వయసులో తల్లి చెయ్యి పట్టుకుని, పోలండు చేతికి పోయిన సైలీషియా నుంచి సామాన్ల రైల్లో వచ్చి ఇక్కడ దిగింది ట్రౌడెల్. వాళ్ళలాంటి వాళ్ళ రాకతో కొద్ది నెలల్లోనే ఊరి జనాభా రెట్టింపయింది. పశువుల కొట్టం మీది గదిలో పెరిగింది. పెంకులు నేసే హైనర్ బ్రేడెను పెళ్ళాడింది. పిల్లల బడి వంటింట్లో ముప్పై ఏళ్ళు రవ్వ పాయసం కాచింది; ఊళ్ళో సగం మంది ఆమె చేతి తిండి తిని పెరిగినవాళ్ళే. మంచాన పడ్డ అత్తగారికి అన్నీ చేసింది. ఆవిడనూ, తర్వాత హైనర్‌నూ ఇక్కడి మట్టికే అప్పగించింది. ఇంత చేసినా ఆమె ఎదుట ఊరి ప్రస్తావన వస్తే జనం "మా ఊరు" అనేవారు. "మన ఊరు" అని పొరపాటున కూడా ఎవరి నోటా రాలేదు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అదే ఆమెను అలసిపోయేలా చేసింది. ఎవరైనా తిట్టి ఉంటే తిరిగి తిట్టి ఒడ్డున పడేది.

ఏప్రిల్‌లో ఒకరోజు ఇమ్మెల్ వచ్చాడు. ఇనుప సామాన్ల కొట్టు యజమాని, పండగ సంఘం పెద్ద, చిన్నప్పుడు ఆమె తరగతివాడే.

"ట్రౌడెల్, ఉన్నావా? నీ కాఫీ వాసన వీధిలోకొస్తోంది."

"వాసన పట్టుకొచ్చేవాడివేగానీ నాకోసం ఎప్పుడొచ్చావులే. కూర్చో."

అతను కేకు రెండు ముక్కలు తిన్నాక గానీ అసలు సంగతి బయటపెట్టలేదు.

"నీకో మంచి వేషం అట్టేపెట్టాం. నలభయ్యారులో వచ్చిన కాందిశీకులు. చేతిబండి లాగాలి. అసలైన మనిషివి నువ్వొక్కదానివే మిగిలావు మరి."

"నేను ఆడవాళ్ళ జట్టులో నడుద్దామనుకున్నాను. గౌను కూడా బాగుచేసుకున్నాను."

ఇమ్మెల్ మీసాలు తుడుచుకున్నాడు. "అది మా ఊరి పాత కుటుంబాల వాళ్ళది కదే. నిన్ను వద్దని కాదు. నీకంటూ ఒకటుండగా దాన్లో దూరడం ఎందుకని."

"జట్టులో ఎవరెవరున్నారేం?"

"ముగ్గురే. మిగతావాళ్ళంతా పట్నాలకి పోయారుగా. పళ్ళ డాక్టరమ్మ జిల్కె వస్తానంది."

"ఆవిడ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి దిగి రెండేళ్ళు కాలేదు ఇమ్మెల్!"

"కాలేదనుకో. మా పెదనాన్న ఇల్లు కొనుక్కుందిగా." అతను గొంతు తగ్గించాడు. "ఆవిడకి వేసుకోడానికి గౌనే లేదు. నీ పెట్టెలోది ఇస్తావేమో కనుక్కోమన్నారు."

ట్రౌడెల్ నవ్వింది. ఏడవడానికి ఓపిక లేక నవ్వింది. గౌనుకు ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది. కాదనడానికి కూడా బలం కావాలి, అది ఆమెకు ఎప్పుడో అయిపోయింది.

ఊరేగింపు రోజు ఎండ మాడ్చేసింది. ఆమెతో బండి లాగవలసిన ఇద్దరినీ, బ్యాండులో మనుషులు చాలడం లేదని అటు లాక్కుపోయారు. బండి నిజమైనదిలా కనిపించాలని పరుపుల మూటల మధ్య పాత కుట్టుమిషను ఎక్కించారు. చర్చి వీధి ఎత్తు దగ్గర బండి ఇక ముందుకు కదలనంది. ముందు జిల్కె ఆ నల్ల గౌనులో తిరిగి తిరిగి చేతులూపుతోంది.

ఆ ఎత్తులోనే పాత సత్రం ఉంది. బోస్నియా యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలను మూడేళ్ళుగా అందులో ఉంచారు. మెట్ల మీద కూర్చున్న ఒకావిడ లేచి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, బండి పిడి రెండోవైపు పట్టుకుంది. ఇది వేషమని ఆమెకు ఎవరూ చెప్పలేదు కాబోలు.

"బరువు. చాలా బరువు," అంది వచ్చీరాని భాషలో. "నేను, నువ్వు. ఇద్దరం."

బండి కదిలింది. ట్రౌడెల్‌కు ఊపిరి అందింది. పక్కన ఒక మనిషి ఉంటే ఎత్తు ఇంత తేలికా అనిపించి ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఇమ్మెల్ వేదిక దగ్గరి నుంచి పరుగున వచ్చాడు. "ట్రౌడెల్, ఆవిణ్ణి పక్కకెళ్ళమను. ఫోటోలు తీస్తున్నారు. ఆవిడ మన ఊరి మనిషి కాదుగా."

మన ఊరి మనిషి. ట్రౌడెల్ గుండె ఝల్లుమంది. సంతోషంతోనే. యాభై ఏళ్ళుగా ఆకలిగొన్న చెవులు ఆ మాటను పట్టుకుని వదల్లేదు. అది తనకెలా దక్కిందో అర్థమై సిగ్గుపడేలోపే, ఆ బోస్నియా ఆవిడ ఇమ్మెల్ ముఖం చూసి పిడి వదిలేసింది. అలాంటి ముఖాలు ఆమె చాలానే చూసి ఉంటుంది. తలవంచుకుని మెట్లవైపు వెళ్ళిపోయింది.

ట్రౌడెల్ వెనక్కి పిలవబోయింది. ఏమని పిలవాలి? మూడేళ్ళుగా ఇద్దరూ బస్సు కోసం పక్కపక్కనే నిలబడుతున్నారు. ఒక్కసారైనా ఆమె పేరు అడగలేదు.