నేను కనుక్కున్న కనపడని చుక్క

ఆ మధ్యాహ్నం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు నేను బెంగళూరులో నక్షత్రాల మీద పరిశోధన చేస్తున్నాను. అమ్మకు ఆపరేషన్ అయిందని పావగడ పక్కన మా ఊరు రాయచెర్లులో ఇంటికి వచ్చి, అక్కడి నుంచే పని చేసుకుంటున్నాను. ఒక నక్షత్రం వెలుగును రంగులుగా విడదీసి చూస్తే, అందులోని గీతలు కొన్ని గంటలు ఎరుపు వైపు, కొన్ని గంటలు నీలం వైపు జరుగుతున్నాయి. అంటే అది కాసేపు మనకు దూరమవుతూ, కాసేపు దగ్గరవుతూ దేని చుట్టూనో తిరుగుతోంది. లెక్క కడితే ఆ రెండోది దాదాపు సూర్యుడంత బరువు తేలింది. అంత బరువున్న మామూలు నక్షత్రమైతే దాని వెలుగూ కనిపించాలి. కనిపించలేదు. కాబట్టి అది ఎప్పుడో ఇంధనం అయిపోయి చిన్నగా కుంచించుకుపోయిన నక్షత్రం.

మా గైడుకు చెబితే నవ్వాడు. "అవి నక్షత్రం మీది మచ్చలు. టైము వృథా చేసుకోకు."

మచ్చలతో గీతలు అంత దూరం జరగవని చెప్పినా వినలేదు. పట్టుబట్టి ఇంకో టెలిస్కోపు కొలతలు తెప్పించుకుని మళ్ళీ లెక్క కట్టాను. అదే బరువు వచ్చింది. అప్పటికి గాని నన్ను మా సంస్థ ఆన్‌లైన్ మీటింగులో చెప్పనివ్వడానికి ఆయన ఒప్పుకోలేదు.

మీటింగు మొదలవబోతుండగా కరెంటు పోయింది. దాంతోపాటే ఫోను సిగ్నలూ పోయింది. కిటికీలోంచి చూస్తే, ఒకప్పటి మా వేరుశనగ చేను మొదలుకొని కనుచూపు మేర సోలార్ పలకలు నిండు ఎండలో మెరుస్తున్నాయి.

"నాయనా, పావగడకు పోవల్ల," అన్నాను.

"బండెక్కు పాపా. ఆడ మావోని ఎరువుల అంగడి ఉండాది, సిగ్నలొస్తాది," అన్నాడు నాయన. దారిలో ఆ పలకల వైపు చూసి, "మన చేను తీసుకుండారు. మనింట్లో లైటు లేదు. ఎవర్ని అడగల్ల?" అన్నాడు.

ఆ అంగట్లో ఎరువుల బస్తాల మధ్య కూర్చుని మీటింగులో చేరేసరికి, మా గైడు నా గ్రాఫులు చూపిస్తూ, "నాకు మొదటినుంచీ ఈ అనుమానం ఉంది," అంటున్నాడు. నా పేరు ఎక్కడా లేదు.

మైకు ఆన్ చేశాను. "సార్, ఇవి మచ్చలన్నది మీరే. ఈ లెక్కలు నావి. మిగతాది నేను చెబుతాను."

చివరిదాకా చెప్పాను.

సాయంత్రం గైడు ఫోను చేశాడు. "అందరి ముందూ నా పరువు తీశావు. మీ ఊళ్ళో కరెంటు లేకపోతే నేనేం చేసేది?"

క్షమించమని ఆయన అడగలేదు. నేనూ అడగలేదు.

మీటింగులో ఉన్న ఒక మేడం నా పక్షాన గట్టిగా నిలబడటంతో పరిశోధన వ్యాసంలో నా పేరే మొదట వచ్చింది. నేను గైడును మార్చుకున్నాను. ఆ నక్షత్రం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆయన ఇప్పటికీ నన్ను "మా విద్యార్థిని" అని గర్వంగా చెప్పుకుంటాడట. నేను ఆయన విద్యార్థినిని కాను.