అద్దం గోడల మేస్త్రి

నిన్న విడవలూరులో రెడ్డిగారి పాత మిద్దెను పడగొడుతుంటే చూశాను. విరిగిన గోడ పెళ్ళ మీద దుమ్ము తుడిస్తే ఇప్పటికీ నా మొహం కనిపించింది. పక్కనున్న ముసలాయన, "మీ తాత మస్తాన్ మేస్త్రి చెయ్యి పడిందంటే అంతే కదమ్మా!" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

మన ఈడు వాళ్ళకు గుర్తుందా, ఆ గానుగ సున్నం వాసన? చివరి పూతలో కోడిగుడ్ల తెల్లసొన కలిపేవాళ్ళు. అది ఆరేలోగా గులకరాయితో రుద్దుతూనే ఉండాలి. ఆ పని తాత కోడలిది, అంటే మా అమ్మది. సున్నానికి వేళ్ళు పుండ్లు పడి, అన్నం కలుపుకోలేక నా చేత తినిపించుకునేది.

గృహప్రవేశం నాడు రెడ్డిగారు తాతకు జరీ కండువా కప్పి, "ఇంత నునుపు ఎట్టా తెచ్చినావు మేస్త్రీ?" అన్నారు.

తాత అరచెయ్యి ఎత్తి చూపించాడు. "అంతా ఈ చెయ్యే రెడ్డిగారూ."

అమ్మ వాకిట్లో కొంగు చాటున చేతులు దాచుకొని నిలబడింది. నేను నోరు తెరవబోతే, "ఊరుకో మే, పెద్దాయన" అంది.

తాత పోయాక పంపకాల కాగితం మీద అమ్మ బొటనవేలు మూడుసార్లు నొక్కింది. మూడుసార్లూ నల్లటి మచ్చే పడింది, ఒక్క గీత లేదు.

"ఏందమ్మా, నీకు వేలిముద్రే లేదే!" అని గుమస్తా నవ్వాడు.

ఆ గీతలన్నీ ఆ గోడలకే అరిగిపోయాయి. నిన్న ఆ పెళ్ళల్ని రోడ్డు గుంటలు పూడ్చడానికి ట్రాక్టరుకెత్తారు.