నీలిచుక్క

మా పిన్ని పని కందిరీగలకు చుక్కలు పెట్టడం. పరిశోధనశాలలో గూళ్ళ నుంచి ఒక్కోదాన్నీ పట్టి, ఫ్రిజ్‌లో కాసేపు ఉంచి, అది మొద్దుబారాక వీపు మీద సన్నటి పుల్లతో రంగు అద్దుతుంది. వేళ్ళు వాచని నెల లేదు.

అమ్మ పోయేటప్పటికి నాకు పన్నెండేళ్ళు, చెల్లికి రెండు, తమ్ముడు పొత్తిళ్ళలో. నాన్న ఇంకో సంసారం చూసుకున్నాడు. పిన్ని ఒక్క సంచీతో వచ్చి పదేళ్ళు ఉండిపోయింది. పెద్దయ్యాక నేనూ ఆ పరిశోధనశాల స్టోరులోనే రోజుకూలీకి చేరాను. అక్కడ పారేసిన పుస్తకాలన్నీ చదివాను.

"గుడ్లు పెట్టేది ఒక్కతే పిన్నీ. మిగతావి దాని పిల్లల్ని మేపుతాయి. ఆ పిల్లల్లోనూ వాటి రక్తమే ఉంది కదా, అందుకని. లక్షల ఏళ్ళుగా ఇదే ఏర్పాటు."

"అయితే నాకూ గిట్టుబాటయినట్టే," అని నవ్వింది.

నలభయ్యో ఏట ఆమెను ఒక లిఫ్టు మెకానిక్ పెళ్ళి చేసుకుంటానన్నాడు. వేరే ఊరు. ఒక్క ఏడాది పిల్లలిద్దర్నీ నేను చూసుకుంటే, తర్వాత అక్కడికే తీసుకెళ్తామన్నారు.

"లిఫ్టు మెకానిక్కా! పైకి పంపిస్తాడు, చూసుకో," అన్నాను.

"కింద ఎలా ఉంటుందో చూశాగా," అంది పిన్ని.

సోమవారం జవాబు చెప్పాలి.

ఆ నెలలోనే నీలిచుక్క ఉన్న కందిరీగ ఒకటి పాత గూడు వదిలి, స్టోరు కిటికీ మూల ఒంటరిగా గూడు కట్టుకుంది. ఎనిమిది గదులు, మూడింట్లో పురుగుపిల్లలు. అలాంటివి గీకేయాలని రూలు. పిన్ని గీకలేదు. శనివారం ఆ ఊరి ఇల్లు చూడటానికి వెళ్తూ, మెకానిక్ ఇచ్చిన గ్రీజు డబ్బా నా చేతిలో పెట్టింది.

"అది తిండికి పోయినప్పుడు కాపలా ఉండదురా. చీమలొస్తే కిటికీ అంచుకి ఇది రాయి, దాటలేవు."

మధ్యాహ్నం చీమలొచ్చాయి. నేను స్టూలు మీద కూర్చున్నాను. డబ్బా ఒళ్ళోనే ఉంది. విడిగా పోతే ఏమవుతుందో పిన్నే చూడనీ అనుకున్నాను. నీలిచుక్క తిరిగొచ్చేసరికి చీమలు తెల్లటి పిల్లల్ని మోసుకుపోతున్నాయి. అది ఖాళీ గూటి చుట్టూ తిరిగి తిరిగి అద్దం మీద వాలింది.

సోమవారం పొద్దున చూపించాను. "ఒంటరిగా పోతే ఇంతే పిన్నీ."

ఆమె గూటికేసి ఒకసారి చూసి, డబ్బా మూత తీసింది. గ్రీజు నున్నగా ఉంది. ఒక్క వేలిగుర్తు లేదు.

"ఎంతసేపు పట్టింది వాటికి?"

"అరగంట."

"చూస్తూ కూర్చున్నావా?"



సాయంత్రం ఫోన్ చేసి మెకానిక్‌ని రావద్దని చెప్పేసింది. నాకు లోపల సంతోషంగానే ఉంది.

"పోనీలే, నా మాట విన్నావు."

"నీ మాట కాదురా," అంది, నావైపు తిరగకుండానే. "ఈ పసివాళ్ళిద్దర్నీ ఏడాదిపాటు నీ చేతిలో పెడదామనుకున్నాను."

చెల్లినీ తమ్ముణ్ణీ అన్నానికి పిలిచింది. నాకూ కంచం పెట్టింది.