లాభం పెరిగితే షేరు ఎందుకు పడింది?

బళ్లారిలో ఒక హైస్కూల్లో నేను సైన్సు చెప్తాను. రెండేళ్ల కిందట, సండూరు వైపు గనులున్న ఒక కంపెనీవి కొన్ని షేర్లు కొన్నాను. ఎక్కువేం కాదు, పోయినా ఇంట్లో పొయ్యి ఆరిపోదు. ఒకరోజు పొద్దున కన్నడ పేపర్లో ఆ కంపెనీ లాభం బాగా పెరిగిందని వార్త వచ్చింది. ఇక షేరు ఎగరడమేనని స్టాఫ్‌రూములో అందరికీ చెప్పుకున్నాను. మధ్యాహ్నం గంట కొట్టేసరికి ధర పడిపోయింది.

నాకు బాధకన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది. మంచి వార్తకు ధర ఎందుకు పడాలి?

ఆ ఆదివారం తారానగర్ వెళ్లాను. అక్కడ రోడ్డు పక్కన మా చిన్నమ్మ చిన్న హోటలు నడుపుతుంది. ఆ గనుల నుంచి ఖనిజం మోసే లారీల డ్రైవర్లే ఆమె గిరాకీ. నా మాట విని నవ్వింది.

“పేపరోళ్లు ఇప్పుడు రాసినారాప్పా? గాడీలు తగ్గి రెండు నెలలాయె. అప్పుడు రెండు గిన్నెల ఇడ్లీ పిండి చాలేది గాదు. ఇప్పుడు ఒక గిన్నే మిగుల్తాండాది.”

ఇంటికొచ్చి ఆ వార్తను చివరిదాకా చదివాను. పెరిగింది గడిచిపోయిన మూడు నెలల లాభం. రాబోయే నెలల్లో ఆర్డర్లు తగ్గొచ్చని ఆఖరి పేరాలో కంపెనీయే చెప్పింది. నేను పెద్దక్షరాలు చూసి మురిసిపోయాను. ఆ రోజు షేర్లు అమ్మినవాళ్లు ఆఖరిదాకా చదివారు, లేదా చిన్నమ్మలా ముందే పసిగట్టారు.

అప్పటినుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. వార్త కనబడగానే, ఫోనులో ధర చూడకముందే, ఇది జరిగిపోయిన సంగతా, జరగబోయేదా, ఇప్పటికే ఎంతమందికి తెలిసి ఉంటుంది అని ఆలోచించి నా అంచనా రాసుకునేవాణ్ణి.

కొన్నాళ్లకు చిన్నమ్మ ఫోన్ చేసింది. “గాడీలు మల్లా వస్తాండాయప్పా! కూచోనీకి బెంచీలు చాల్లేదు.”

పేపర్లలో ఆ ఊసే లేదు. లోకం కంటే ముందు నాకే తెలిసిందనుకున్నాను. ఇంకొన్ని షేర్లు కొనాలనిపించింది. అయినా ఒకసారి కళ్లారా చూద్దామని బస్సెక్కాను.

హోటల్లో ఇడ్లీ తింటున్న డ్రైవరును అడిగాను. “గనిలో పని పెరిగిందా అన్నా?”

“యాడ పెరిగింది సార్! బండ్రి దిక్కు రస్తె తవ్వినారు. అందుకే ఇట్ల తిరిగి వస్తాండాము. వారం పోతే మల్లా ఆ దావే.”

చిన్నమ్మ ముఖం చిన్నబోయింది. “అయ్యో, నిన్ను ముంచేదాన్నే గదప్పా!”

“నువ్వు చూసింది నిజమే చిన్నమ్మా. ఎందుకొస్తున్నాయని అడగకుండా ఎగిరింది నేనే,” అన్నాను.

కొత్తగా షేర్లేమీ కొనలేదు. ఉన్నవి అమ్మలేదు. నోటుబుక్కులో ఒప్పులకన్నా తప్పులే ఎక్కువ. మొన్న ఆ కంపెనీ పెద్ద ఆఫీసరు రాజీనామా చేశాడని చదివి, ఎంత ఆలోచించినా తేలక “తెలియదు” అని రాసి క్లాసుకు వెళ్లాను. సాయంత్రం చూస్తే ధర ఉన్నచోటే ఉంది. ఎందుకు కదల్లేదో నాకింకా అంతుపట్టలేదు.