ఠాణాలో చెప్పి రావాలె

ఆ రోజుల్లో కొత్త ఊళ్ళో బస్సు దిగితే ఎవరైనా ముందు చుట్టాలిల్లు వెతుక్కునేవారు. మా బొంబాయి తాత (మా అవ్వకు, అంటే అమ్మకు తండ్రి, వయసులో ఉండగా అక్కడి బట్టల మిల్లులో పనిచేశాడు) మాత్రం ముందు పోలీస్ ఠాణా వెతికేవాడని నాకు ఆదిలాబాద్‌లో తెలిసింది. అది బంగ్లాదేశ్ యుద్ధం నడుస్తున్న కాలం. నాకు అక్కడ పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో కొలువు కుదిరింది. చేరే రోజు మధ్యాహ్నం భోజనాల వేళకల్లా రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటానని సేటు ముందే చెప్పాడు. తోడుగా కరీంనగర్ నుంచి తాత నాతో బయల్దేరాడు.

బస్సు దిగగానే, "జర ఠాణాల చెప్పొద్దాం పా," అన్నాడు. ఎవరో తెలిసినాయన ఉన్నాడేమో అనుకుని వెంట నడిచాను. లోపలికి పోయి చేతులు కట్టుకుని, తన పేరు, నా పేరు, మా ఊరు, వచ్చిన పని గడగడా అప్పజెప్పాడు. కొత్త మొహాలు కనబడితే చెప్పండని పోలీసులు ఊరంతా హెచ్చరిస్తున్న రోజుల్లో, కొత్త మొహమే నడిచొచ్చి తన గురించి చెబుతుంటే వాళ్ళు ఊరుకుంటారా? ఇద్దర్నీ కూర్చోబెట్టారు. నా పెట్టె విప్పారు. అవ్వ కట్టిచ్చిన సకినాలను హెడ్డు ఒక్కొక్కటే విరిచి పరీక్షించాడు (కొన్నింటిని నమిలి కూడా). పొద్దు నడినెత్తికొస్తోంది. కొలువు పోయినట్టేనని నాకు ఏడుపొచ్చింది.

ఠాణాకు ఎవరు రమ్మన్నారని ఎస్సై గద్దించాడు. తాత నెమ్మదిగా చెప్పాడు. జర్మనీవాడితో ఇంగ్లీషువాళ్ళు యుద్ధం చేస్తున్నప్పుడు, బొంబాయిలో మొదటిసారి సముద్రం చూసి, రేవు దగ్గర ఓడల్ని చూస్తూ కూర్చున్నాడట. శత్రువుల మనిషి అనుకుని పట్టుకుపోయి కొట్టారట. ఇకమీద ఏ ఊరు పోయినా ఠాణాలో చెప్పాలని తెల్లదొర హుకుం చేశాడట. నేను అదిరిపోయాను. మా ఇంటికొచ్చిన ప్రతిసారీ బస్‌స్టాండు నుంచి ఆలస్యంగా వస్తే, చాయ్ తాగుతున్నాడని నవ్వుకునేవాళ్ళం.

"గా దొరలు ఎప్పుడో పోయిన్రు గద తాతా," అన్నాడు ఎస్సై.

"పోయిన్రని ఎరుకే సార్. గని నన్ను ఇడిసిపెట్టినమని ఎవ్వలు చెప్పలే."

ఎస్సై టోపీ తీసి బల్లమీద పెట్టాడు.

"నేను చెప్తున్న. ఇగ ఏడికి పోయినా ఎవ్వలకు చెప్పకు."

నన్ను ఒక పోలీసు జవాను సైకిల్ మీద ఎక్కించి మిల్లుకు పంపాడు. పోలీసుతో దిగిన నన్ను చూసి సేటు లేచి నిలబడ్డాడు. నేను ఎస్సైగారి చుట్టమని ఆయన చివరిదాకా నమ్మాడు, నేనూ కాదనలేదు.

తాత ఎప్పుడో పోయాడు. మొన్న కొండగట్టు కింద సత్రంలో, ఎవరూ అడగకముందే గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టాను. "గంత జల్దేంది బాపూ?" అని నా బిడ్డ నవ్వింది. నేనూ నవ్వాను. నాకైతే ఏ తెల్లదొరా చెప్పలేదు.