ముందు పడవను మనం మోయాలట

ఈ రోజు గద్వాల నుంచి కర్నూలుకు అల్యూమినియం పడవ కొనడానికి మా మేనమామను వెంటబెట్టుకుని వెళ్లాను. నా బుద్ధి తక్కువ. ఆదివారాలు కృష్ణలో గాలం వేసుకుంటూ, మా ఆవిడతో అలా తిరిగి రావాలని నా కోరిక. మామకు తెలిసింది పుట్టి ఒక్కటే. తారు పూసిన ఆ గుండ్రటి వెదురు బుట్టలో చేపలు పట్టి, పొద్దుగూకితే దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికొస్తాడు.

నాకో పడవ నచ్చింది. "ఎంతమందిని మోయాలి సార్?" అన్నాడు అమ్మేవాడు.

"అది మమ్ముల మోసుడు తర్వాత. ముందుగాల మేం దాన్ని మోయాలె గద!" అన్నాడు మామ.

"ఒడ్డున గొలుసేసి కట్టేస్తాం మామా."

"నీళ్లల్ల ఇడిసిపెట్టొస్తే నీకు నిద్రెట్ల పడ్తది అల్లుడా?"

అంతటితో ఆగాడా? పడవను బోర్లించి, ఒక కొన తను, ఒక కొన నేను నెత్తికెత్తుకుని షెడ్డు చుట్టూ తిరగాలన్నాడు. జనం పోగయ్యారు. సగం దూరానికే నా మెడ పట్టేసింది. "వద్దు, పోదాం పా" అని నన్ను బస్సెక్కించాడు.

మీలో ఎవరైనా కారును నెత్తికెత్తుకుని చూసి కొన్నారా? చెప్పండి.

ఇప్పుడు నా మెడకు బామ్ రాస్తూ మా ఆవిడ అంటోంది: "మామ ఫోన్ చేసిండు. పడవ మంచిగనే ఉన్నదంట. మీ మెడనే పనికిరాదంట."